మనవడి మోకాలు

మా మనవడి కుడి మోకాలు మొదటిసారి వాచినప్పుడు మా వియ్యపురాలు దానికి వావిలాకు కాపడం పెట్టింది. మా వైపు మోకాలు వాస్తే ఎవరైనా చేసేది అదే. కుండలో వావిలాకు మరగబెట్టి, ఆ నీళ్ళలో గుడ్డ ముంచి పిండి, ఓర్చుకోగలిగినంత వేడిగా కీలు చుట్టూ అద్దుతారు. రొంపిచెర్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆమె చేతి కాపడానికి పేరుంది. మిరపకోతల రోజుల్లో నడుము పట్టేసిన వాళ్ళు పొద్దుగూకే వేళకు ఆమె వాకిట్లో వచ్చి కూర్చునేవాళ్ళు.

పిల్లవాడికి అప్పటికి బడి ఈడు రాలేదు. పాకే రోజుల్లోనే కాళ్ళ మీద నీలం మచ్చలు పడేవి. కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించినప్పుడు చిన్న కత్తిగాటు పడితే, దిగి ఇంటికి చేరేదాకా తుడుస్తూనే ఉన్నారు. ఒంటితీరు అనుకున్నారు. ఈసారి మాత్రం కాపడం పెట్టేకొద్దీ మోకాలు ఇంకా ఉబ్బింది. వాడు కాలు ముట్టనివ్వడం లేదని మా అమ్మాయి ఫోన్ చేస్తే, నేనూ మా ఆవిడా నరసరావుపేట నుంచి బయల్దేరాం.

మా ఆవిడ ఆ మోకాలు చూసి మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. "ఇది మా తమ్ముడి మోకాలు," అంది.

ఆమె తమ్ముడిని నేను చూసింది ఫొటోలోనే. చిన్నతనం నుంచి అతని మోకాలు వాస్తూ తగ్గుతూ ఉండేదట. నూనెలు రాశారు, కాపడాలు పెట్టారు, పట్లు వేశారు. చివరికి కాలు వంగినచోటే బిగుసుకుపోయి, తొడ మీద చెయ్యి ఆనించుకుని నడిచేవాడట. మీసాలు వచ్చే వయసులో పన్ను పీకించుకుంటే రక్తం ఆగక చనిపోయాడు. దానికి ఒక పేరుందని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. నరం దెబ్బతిందని చెప్పుకున్నారు.

మర్నాడు నరసరావుపేటలో పిల్లల డాక్టరుకు మా ఆవిడ ఈ సంగతంతా చెప్పింది. ఆయన పిల్లవాడి కంటే ఆమె మాటలనే ఎక్కువ శ్రద్ధగా విన్నాడు. తుంటికి సూది వద్దన్నాడు, నొప్పికి ఇష్టం వచ్చిన బిళ్ళలు వెయ్యొద్దన్నాడు. రక్తం గడ్డకట్టే పరీక్ష రాసి గుంటూరు పంపాడు. అక్కడ తేలింది హిమోఫిలియా అని.

గుంటూరులో రక్తవ్యాధులు చూసే డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మొదట మా అమ్మాయికీ అల్లుడికీ చెప్పబోయి, వెనక నిలబడ్డ మా వియ్యపురాలి ముఖం చూసి, ఆమెను ముందుకు పిలిచి కూర్చోబెట్టింది.

"అమ్మా, మీకు పొలం ఎక్కడ?"

"సాగర్ కాలవ కింద."

"కాలవ కట్టకి గండి పడితే ఏం చేస్తారు?"

"ఇసక బస్తాలేస్తాం. అదేం ప్రశ్న?"

"మన ఒంట్లో కూడా రోజూ చిన్న చిన్న గండ్లు పడతాయి. రక్తంలోనే పూడ్చేవాళ్ళు ఉంటారు. వరసగా నిలబడి బస్తాని ఒకళ్ళ చేతి నుంచి ఒకళ్ళు అందుకుంటారు. మీ వాడి వరసలో ఎనిమిదో మనిషి లేడు. బస్తా అక్కడ ఆగిపోతుంది."

మా వియ్యపురాలు కొంచెం ఆలోచించింది. "ఆ మనిషిని కూలికి పెట్టుకోలేమా?"

డాక్టరమ్మ నవ్వింది. "పెట్టుకోవచ్చు. దాన్నే ఫ్యాక్టర్ ఎయిట్ అంటాం. సూదితో నరంలోకి ఇస్తాం. కాకపోతే రోజుకూలీ. ఒకటి రెండు రోజులుండి వెళ్ళిపోతాడు. మళ్ళీ పిలవాల్సిందే."

"మరి నా కాపడం?"

"వేడికి రక్తనాళాలు విచ్చుకుంటాయమ్మా. గండి పెద్దదవుతుంది. ముందు మందు, తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు, ఆ తర్వాత కాలు కదలకుండా ఉంచడం."

మా వియ్యపురాలు తన అరచేతులు చూసుకుంది.

నేను పత్రికలో పని చేసినన్నాళ్ళూ ఎన్నో ఆరోగ్య వ్యాసాలు దిద్దాను. ఈ జబ్బు మీద వచ్చినవీ దిద్దే ఉంటాను. దెబ్బ తగిలితే రక్తం ధారకడుతుందనే అనుకునేవాణ్ణి. అది కాదట. మన అందరికీ కారినంత వేగంగానే కారుతుంది, కాకపోతే ఆగదు. చర్మం మీద గాయం కంటే లోపల, మోకాళ్ళలో, మోచేతుల్లో, చీలమండల్లో దెబ్బ కనిపించకుండానే కారడం ఎక్కువ ప్రమాదం. కీలులో చేరిన రక్తం ఆ కీలునే తినేస్తుంది. మా ఆవిడ తమ్ముడి కాలు వంకరపోవడానికి కారణం అదే. ఇప్పుడు మా ముందున్న ప్రశ్న కూడా అదొక్కటే. వీడి కాలు నిటారుగా ఉంటుందా, ఉండదా.

ఇంకో మాట కూడా చెప్పింది డాక్టరమ్మ. ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది, ఆడవాళ్ళు మోస్తారు, ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ చివరి ముక్క ఆమె రెండుసార్లు అంది. మా అమ్మాయి తల ఎత్తలేదు. తిరుగుదారిలో కారులో మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. మా ఇంటి నుంచి వెళ్ళిన జబ్బు. వియ్యాలవారి దగ్గర ఏ మాట పడాల్సి వస్తుందోనని నేను ఎదురుచూస్తున్నాను. మా వియ్యపురాలు చిన్న నోరున్న మనిషేమీ కాదు.

ఆ మాట వేరే ఇంటి నుంచి వచ్చింది. ఒకరోజు నేను అక్కడ ఉండగానే పక్కింటామె గోడ మీదుగా, "జబ్బు మీ కోడలి తరపు నుంచి వచ్చిందంట గదొదినా?" అంది.

మా వియ్యపురాలు బియ్యం ఏరడం ఆపలేదు. "ఏమే, మీ ఆయన బట్టతల ఏ కోడలు తెచ్చిందే? దానికి మందు కూడా లేదు. మావోడికి మందుంది."

నా కూతురు వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. మా ఆవిడకు చెబుదామని ఆ మాట అలాగే గుర్తు పెట్టుకుని ఇంటికి వెళ్ళాను.

మోకాలు ఆ విడత తగ్గింది. ఇంటి దగ్గర అవసరపడితే వాడమని ఆసుపత్రిలో కొన్ని ఫ్యాక్టర్ సీసాలు ఐసు డబ్బాలో పెట్టి ఇచ్చారు. వాపు మొదలైతే సీసా పట్టుకుని దగ్గర్లో నరంలోకి ఇవ్వగలిగిన నర్సు దగ్గరికి వెళ్ళాలి. సీసాలు గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. ఇక్కడే మా వాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. అది మిరప పండించే ఊళ్ళలో తప్ప ఇంకెక్కడా ఎవరికీ తోచదనుకుంటాను.

వాళ్ళింట్లో ఫ్రిజ్ ఉంది. కానీ ఎండాకాలం గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. పైగా దాన్ని గంటకోసారి ఎవరో ఒకరు మంచినీళ్ళ సీసా కోసం తెరుస్తారు. మా అల్లుడు ఆలోచించాడు. తమ మిరప బస్తాలు ఉన్నది ఎడ్లపాడు దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో. దానికి పెద్ద జనరేటరు ఉంది, లోపల చలి రాత్రింబవళ్ళు ఒకే తీరుగా ఉంటుంది. మేనేజరు వాళ్ళకు దూరపు చుట్టం. అడిగితే ఆ చలి లెక్క డాక్టరమ్మ చెప్పినదానికి సరిగ్గా సరిపోయింది. సీసాలు తీసుకెళ్ళి బస్తాల పక్కన అలమరలో పెట్టొచ్చాడు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే ఘాటుకు ఇద్దరం తుమ్మాం. ఆ ఎర్రటి బస్తాల మధ్య తెల్లటి డబ్బాను చూస్తే నాకూ ధైర్యంగానే అనిపించింది.

రైతుకు విలువైన వస్తువు చేతికొస్తే వెంటనే ఖర్చు చెయ్యడు. మిరప ధర లేకపోతే ఆపుతాడు, ఉన్నా ఇంకా పెరుగుతుందేమో చూస్తాడు. మందు విషయంలోనూ మా అల్లుడికి అదే చెయ్యి వచ్చింది. తర్వాతి నెలల్లో మోకాలు రెండు మూడు విడతలు కొద్దిగా వాచింది. మా అమ్మాయి మందు ఇద్దామంది.

"ఇంత దానికే వాడితే ఎట్టా? రేపు పెద్దది వస్తే?" అన్నాడు అతను. "ఐసు పెట్టు. తగ్గుద్ది."

తగ్గినట్టే కనిపించేది. పిల్లవాడు మళ్ళీ పరుగులు పెట్టేవాడు. వాపు పూర్తిగా పోలేదని, ప్రతిసారీ కొంచెం మిగిలిపోతోందని ఎవరం గమనించలేదు.

ఒక ఆదివారం పొద్దున వాడు ఇంటి ముందు ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి దూకాడు. పడలేదు, రెండు కాళ్ళ మీదే దిగాడు. కాసేపటికి మోకాలు బరువుగా ఉందన్నాడు. మా అమ్మాయికి ఆ మాట చాలు. అల్లుడు మోటారు సైకిలు తీసి ఎడ్లపాడు వైపు వెళ్ళాడు. మందు వచ్చేస్తుంది కదా అని వీళ్ళు ఐసు పెట్టి ఇంట్లోనే కూర్చున్నారు.

కోల్డ్ స్టోరేజీకి తాళం వేసి ఉంది. తాళం మేనేజరు దగ్గర ఉంది. మేనేజరు నూజెండ్లలో పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళిపందిట్లో మేళాల చప్పుడుకు ఫోను వినపడలేదు. గేటు దగ్గర అల్లుడు, ఇంట్లో మంచం దగ్గర అమ్మాయి, పేటలో నేను, ఒకరికొకరం ఫోన్లు చేసుకుంటూ మధ్యాహ్నం చేశాం. వాడి మోకాలు బిందె అడుగులా నున్నగా మెరిసిపోతోందని మా అమ్మాయి చెప్పినప్పుడు, ఇక ఆ సీసాల సంగతి వదిలెయ్యమని చెప్పి కారు మాట్లాడి పంపాను. గుంటూరులో మందు ఎక్కించేసరికి ఎండ వాలింది.

డాక్టరమ్మ మందు ఎక్కించేదాకా ఏమీ అడగలేదు. తర్వాత అంతా విని మా అల్లుడి వైపు తిరిగింది.

"ఇది మిరపకాయ కాదండీ, ఆపి పెడితే రేటు రావడానికి. మొదటి గంటలో దీనికున్న విలువ సాయంత్రానికి ఉండదు. బరువుగా ఉందని పిల్లాడు అన్న నిమిషంలో మందు వాడి ఒంట్లో ఉండాలి."

అతను తల వంచుకుని నిలబడ్డాడు. మంచి రైతు. తన పొలంలో ఏ మొక్కకూ నీరు ఆలస్యం కానివ్వడు. అతన్ని చూస్తే నాకు కోపం రాలేదు. ఆ అలమరను చూసి ధైర్యపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను కదా.

వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. తగ్గాక చూస్తే కాలు పూర్తిగా చాపుకోలేదు. మంచం మీద పడుకోబెడితే మోకాలు కొంచెం పైకి లేచి ఉంది. ఒకసారి బాగా దెబ్బతిన్న కీలులోకే రక్తం మళ్ళీ మళ్ళీ దిగుతుందని, ఇలాగే వదిలేస్తే కాలు వంకరగా ఉండిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. మా ఆవిడ అక్కడ ఉండలేక వరండాలోకి వెళ్ళింది.

మిగిలిన దారి ఒకటే. గండి పడ్డాక పరుగెత్తడం కాకుండా, పడకముందే మనిషిని కట్ట మీద నిలబెట్టడం. అంటే వాపు ఉన్నా లేకపోయినా వారంలో కొన్ని రోజులు క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఇవ్వడం, దానితోపాటు కాలికి వ్యాయామం. ప్రతిసారీ గుంటూరు రావడం కుదరదు. తల్లే నరం పట్టుకుని సూది వెయ్యడం నేర్చుకోవాలి.

మా అమ్మాయి డిగ్రీ చదివింది కానీ సూది చూస్తే కళ్ళు తిరిగే మనిషి. ఆసుపత్రిలో సిస్టరు బొమ్మ చెయ్యి మీద నేర్పింది. బొమ్మ మీద బాగానే వచ్చింది. పిల్లవాడి చెయ్యి పట్టుకునేసరికి సూది పక్కన పెట్టేసింది. ఆ లేత చేతిలో నరం దారంలా ఉంది. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు వాడు తల్లిని చూసి చేతులు వెనక్కి దాచుకున్నాడు. సిస్టరు సామాను సర్దబోతుంటే మా వియ్యపురాలు లేచి, కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుని, రవిక చెయ్యి పైకి తోసింది.

"సిస్టరమ్మా, నా చెయ్యి మీద నేర్పు దీనికి."

"పెద్దవాళ్ళ నరాలు జారిపోతాయమ్మా, దొరకవు."

"అందుకే చెప్పేది. జారిపోయే నరాన్ని పట్టుకుందంటే పిల్లోడిది పట్టుకోదా?"

"వద్దత్తయ్యా," అంది మా అమ్మాయి. "నాకు రాదు. నొప్పి పుట్టుద్ది."

"నొప్పి నాకు గదా. నీకేంది?"

సిస్టరు డాక్టరమ్మను అడిగి వచ్చింది. ఒప్పుకున్నారు. మా అమ్మాయి గుచ్చింది, తప్పింది. చర్మం కింద నల్లగా కమిలింది. మా వియ్యపురాలి ముఖంలో గీత కదలలేదు.

"దోమ కుట్టిందనుకున్నా. ఇంకా గుచ్చలేదేందే?"

సిస్టరు నవ్వింది. మా అమ్మాయి కూడా ఏడుపు మధ్యలో నవ్వింది. రెండో చెయ్యి పట్టుకుని మళ్ళీ గుచ్చింది. సన్నటి గొట్టంలోకి ఎర్రగా చుక్క వెనక్కి వచ్చింది, నరం దొరికింది. మంచం మీద నుంచి అంతా చూస్తున్న పిల్లవాడు, "నానమ్మా, నీకు కూడా ఎనిమిదో మనిషి లేడా?" అని అడిగాడు.

"నాకున్నాడులేరా. ఊరికే ఖాళీగా కూకున్నాడు."

కొన్ని వారాల పాటు ఆమె రెండు చేతుల మీదా నీలం మచ్చలు ఉన్నాయి. ఊళ్ళో ఎవరో, "ఏందమ్మా, కోడలు కొడతందా?" అని అడిగారట. "కొట్టట్లా. గుచ్చుతంది," అని చెప్పిందట. నేను ఎన్నో సన్మాన సభలకు వెళ్ళాను, ఎంతోమంది త్యాగాల గురించి రాశాను. కోడలు గుచ్చడం నేర్చుకోవాలని ఒక అత్తగారు తన చెయ్యి చాపడం నేను చూసింది ఆ ఒక్క రోజే. ఆ చెయ్యి చాపింది నా కూతురి కోసం.

కోల్డ్ స్టోరేజీ నుంచి ఆ సీసాలు ఇంటికి తేలేదు, ఆసుపత్రికే తిరిగి ఇచ్చేశారు. మందుకని విడిగా ఇంట్లోకి చిన్న ఫ్రిజ్ ఒకటి వచ్చింది. అల్లుడు దానికి ఇన్వర్టర్ పెట్టించాడు. దాని మీద అధికారమంతా మా వియ్యపురాలిదే. పెరుగు పెట్టడానికి వీల్లేదు, మంచినీళ్ళు పెట్టడానికి వీల్లేదు. ఎండన పడి వచ్చిన కొడుకు ఒకసారి కూల్ డ్రింక్ సీసా అందులో పెడితే, తీసి గేదె ముందు కుడితి తొట్టిలో పోసింది. "గేదె తాగలా," అని అతను నాకు ఫిర్యాదు చేశాడు.

నెలనెలా గుంటూరు నుంచి మందు తెచ్చే పని నేను తీసుకున్నాను. రిటైరైన వాడికి అంతకంటే మంచి పని దొరకదు. ఒళ్ళో ఐసు డబ్బా పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్కవాళ్ళు చేపలా అని అడుగుతారు. మందు అంటే, ఏం మందు అంటారు. నేను తీరిగ్గా చెబుతాను. నరసరావుపేట వచ్చేలోగా కనీసం ఒకరైనా, మా చుట్టాల్లో ఒక పిల్లాడికి ఇలాగే వాస్తుందండీ అంటారు. వాళ్ళకు ఎక్కడికి వెళ్ళాలో చెప్పి, కాపడం మాత్రం పెట్టొద్దని చెప్పి దిగుతాను.

ఈ మందులో కొన్ని రకాలు మనుషులు ఇచ్చిన రక్తం నుంచే తీస్తారని డాక్టరమ్మ ఒకసారి చెప్పింది. ఒక్కొక్క సీసా వెనక ఎంతమంది ఉంటారో లెక్క చెప్పలేమట. నేను రక్తదాన శిబిరాల వార్తలు లెక్కలేనన్ని రాశాను. ప్రారంభించిన నాయకుడి పేరు ముందు, పాల్గొన్న ప్రముఖుల పేర్లు తర్వాత, చోటు లేకపోతే చివరి పేరా కత్తిరింపు. ఆ మంచాల మీద పడుకుని చెయ్యి చాపినవాళ్ళ పేర్లు ఏనాడూ ఏ పేరాలోనూ ఉండేవి కావు. వాళ్ళలో ఎవరి రక్తం ఏ ఊరు తిరిగి, ఏ సీసాలోకి చేరి, నా ఒళ్ళో డబ్బాలో కూర్చుందో నాకు తెలియదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని రోడ్డున పోయే ప్రతి మనిషినీ కాస్త మర్యాదగా చూడటం మాత్రం అలవాటైంది.

వ్యాయామం సంగతి మా అల్లుడు చూసుకుంటాడు. పొద్దున పొలానికి వెళ్ళేముందు కొడుకు పక్కన చాప మీద తనూ పడుకుని, ఇద్దరూ తొడలు బిగించి వదులుతారు. పిల్లవాడు బద్ధకిస్తే తండ్రి ఆపడు. తండ్రి ఒక్కడే చేస్తుంటే వీడికి చిన్నతనంగా ఉండి మళ్ళీ మొదలుపెడతాడు. ఈ మధ్య మోకాలు ఒకటి రెండుసార్లు బరువెక్కింది. వాడే వచ్చి చెప్పాడు. తల్లి చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నరం చూసి మందు ఇచ్చింది. మర్నాడు వాడు బడికి వెళ్ళాడు.

మొన్న నేను డబ్బా దించి ఫ్రిజ్‌లో సర్దాక, మా వియ్యపురాలు నన్ను వసారాలోకి పిలిచింది. పిల్లవాడు చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"అన్నయ్యగారూ, ఇట్టా రండి. ఒకటి చూపెడతా."

ఆమె వాడి పక్కన కూర్చుని, చాపకూ మోకాలి వెనక్కూ మధ్య తన అరచెయ్యి దూర్చబోయింది. వేళ్ళ కొసలు తాకి ఆగిపోయాయి.

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నా చెయ్యి మణికట్టు దాకా పోయేది ఈ సందులో. రోజూ చూస్తన్నా. ఎవురికీ చెప్పలా. చెబితే దిష్టి."

నన్ను కూడా చూడమంది. నేను వంగి నా చెయ్యి పెట్టాను. దూరలేదు.

"చెల్లెమ్మా, నేను మీకు..." అని మొదలుపెట్టాను.

"మీ చెయ్యి లావులే అన్నయ్యగారూ, అది లెక్కకు రాదు," అని వంటింటి వైపు తిరిగి పిలిచింది. "ఏమే, ఇట్టా రా. నీది సన్నం. నువ్వు చూడు."

మా అమ్మాయి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, నరం వెతికినంత నెమ్మదిగా, ఒక్కొక్క వేలే జరిపింది. పిల్లవాడు మెలికలు తిరిగిపోయాడు.

"అమ్మా, చక్కిలిగిలి పుడతంది, తియ్యి."

మా అమ్మాయి చెయ్యి తియ్యలేదు. పక్కనే మా వియ్యపురాలు వాడి పాదం కదలకుండా పట్టుకుని, "ఉండరా, మీ అమ్మని చూసుకోనీ," అంది.